నగర రూపం అందరి ఆస్తి



ఒక నగరం మొత్తం ఎలా ఉండాలో ముందే ఆలోచించి, ఆ ఆలోచనను చట్టంగా మార్చి, దాని ప్రకారం ఊరిని పెంచుకోవడం సాధ్యమేనా? సాధ్యమేనని అర్ధ శతాబ్దం కిందట అమెరికా పశ్చిమ తీరంలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం చేసి చూపించింది. ఆ పనిలో దానికి దక్కిన విజయాలున్నాయి, దాని వల్ల ఎదురైన కష్టాలూ ఉన్నాయి. రెండూ మనకు పనికొచ్చేవే. మన పట్టణాలు ఇప్పుడు పెరుగుతున్న వేగం చూస్తే, ఆ అనుభవాన్ని తెలుసుకోవడం మనకు అత్యవసరమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మాస్టర్ ప్లాన్ అనగానే మనకు గుర్తొచ్చేది రంగుల పటం. ఇది నివాస ప్రాంతం, ఇది వాణిజ్యం, ఇది పరిశ్రమలు, ఇది పచ్చదనం అని వేర్వేరు రంగులు వేస్తారు. మన సర్వే నంబరు ఏ రంగులో పడిందో వెతుక్కుంటాం. రోడ్డు విస్తరణలో మన స్థలం పోతుందేమో చూసుకుంటాం. ఏ భూమిని దేనికి వాడాలో ఆ పటం చెబుతుంది. ఆ భూమి మీద రేపు లేచే ఊరు ఎలా ఉంటుందో మాత్రం చెప్పదు. వీధి చివర కొండ కనిపిస్తుందా, ఇరవై అంతస్తుల గోడ కనిపిస్తుందా? చెరువు గట్టున ఎవరైనా నడవొచ్చా, గేటు లోపల ఇల్లున్నవాళ్లే నడవాలా? పిల్లలు ఆడుకునే పార్కులో చలికాలం పొద్దున ఎండ పడుతుందా? ఎండాకాలం మధ్యాహ్నం బస్సు కోసం నిలబడ్డవాళ్లకు నీడ ఉంటుందా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పేది పట్టణ రూపకల్పన. దీన్నే ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు అర్బన్ డిజైన్ అంటారు. ఒక కూడలినో, ఒక పార్కునో అందంగా దిద్దితే సరిపోదు, ఊరంతటికీ ఆ ఆలోచన ఉండాలన్నదే ఈ ప్రసంగ విషయం.

నగరాన్ని మొత్తంగా ఊహించి కట్టడం ఎప్పటినుంచో ఉంది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాద్‌ను నిర్మించినప్పుడు చార్మినార్‌ను నడిబొడ్డున నిలిపి, నాలుగు దిక్కులకూ నాలుగు దారులు తీయించాడు. 1850లలో పారిస్‌లో హౌస్‌మన్ అనే అధికారి ఇరుకు పేటలను కూలగొట్టించి విశాలమైన మార్గాలు వేయించాడు. 1859లో బార్సిలోనా విస్తరణకు ఇల్దెఫోన్స్ సెర్దా గీసిన పథకానికి ఆమోదం దొరికింది. పేదవాడి ఇంటికీ గాలీ వెలుతురూ అందాలన్నది ఆయన పట్టుదల. 1909లో షికాగోకు డేనియల్ బర్న్‌హమ్, ఎడ్వర్డ్ బెనెట్ కలిసి ఒక మహా ప్రణాళిక సిద్ధం చేశారు. మిషిగన్ సరస్సు ఒడ్డు ప్రజలకే చెందాలని అందులో రాశారు. ఆ ప్రణాళికను వివరించే పుస్తకాన్ని షికాగో బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠంగా కూడా పెట్టారు.

ఇవన్నీ గొప్ప ప్రయత్నాలే. అయితే వీటిలో చాలావాటికి వెనక ఒక రాజో, ఒక చక్రవర్తి మెప్పు పొందిన అధికారో, సంపన్నుల సంఘమో ఉంది. ఆ వీధుల్లో రోజూ నడిచేవాళ్లను, ఆ ఇళ్లలో కాపురం చేసేవాళ్లను కూర్చోబెట్టి అడిగి రాసుకున్నవి అరుదు. గీసినవాడి చేతి నుంచి నివసించేవాడి చేతికి నగర రూపకల్పన ఎలా వచ్చిందో చూడాలంటే శాన్‌ఫ్రాన్సిస్కో కథలోకి వెళ్లాలి.

ఆ ఊరి భూమి విచిత్రమైనది. మూడు వైపులా నీళ్లు. అటూ ఇటూ దాదాపు ఏడేసి మైళ్లు ఉండే చిన్న ద్వీపకల్పం. ఆ కాస్త చోటులోనే నలభైకి పైగా కొండలు. 1847లో జాస్పర్ ఓఫారెల్ అనే సర్వేయర్ ఆ ఊరికి వీధులు కొలిచినప్పుడు గళ్ల పద్ధతినే విస్తరించాడు. వీధి కొండను చుట్టి వెళ్లదు, నిటారుగా ఎక్కి అవతల దిగుతుంది. బండ్లకూ మనుషులకూ అది కష్టమే. కాని దానివల్ల ఒక మేలు జరిగింది. ఏ వీధి మలుపు తిరిగినా ఎదురుగా సముద్రపు పాయో, మరో కొండో, దూరాన వంతెనో కనిపిస్తుంది. కూలీకైనా కోటీశ్వరుడికైనా ఆ దృశ్యం ఒక్కటే. ఊరి ఉమ్మడి సొత్తు అది.

షికాగోకు ప్రణాళిక రాసిన బర్న్‌హమ్ అంతకుముందే, 1905లో, శాన్‌ఫ్రాన్సిస్కోకు కూడా ఒకటి రాసిచ్చాడు. కొండలను చుట్టి వచ్చే దారులు, శిఖరాల మీద తోటలు, విశాలమైన రాజమార్గాలు అందులో ఉన్నాయి. మరుసటి ఏడాది, 1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున భూకంపం వచ్చింది. ఆ వెంటనే లేచిన మంటలు రోజుల తరబడి ఆరలేదు. మూడు వేలకు పైగా ప్రాణాలు పోయాయని అంచనా. సుమారు 28 వేల భవనాలు నేలమట్టమయ్యాయి. ఊరు దాదాపు ఖాళీ నేల అయింది, బల్ల మీద కొత్త ప్రణాళిక సిద్ధంగా ఉంది. ఇంతకంటే అవకాశం ఏ నగరానికీ రాదు. అయినా బర్న్‌హమ్ పటం పక్కకు పోయింది. ఇల్లు పోయినవాడికి వెంటనే గూడు కావాలి, దుకాణం పోయినవాడికి వెంటనే వ్యాపారం కావాలి. ఎవరి స్థలంలో వాళ్లు, పాత హద్దుల మీదే, దొరికిన వేగంతో కట్టుకున్నారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ప్రజలు తమదిగా భావించని ప్రణాళిక, చట్టం బలం లేని ప్రణాళిక, ఎంత అందమైనదైనా అవసరం వచ్చిన రోజు నిలబడదని ఆ సంఘటన తేల్చి చెప్పింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలోని చాలా నగరాల మీద రెండు పెద్ద దెబ్బలు పడ్డాయి. ఒకటి కార్ల కోసం ఊరి మధ్యలోంచి వేసిన ఫ్రీవేలు. రెండోది పాతపేటలను కూల్చి కొత్తగా కట్టే పునర్నిర్మాణ పథకాలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫిల్‌మోర్ ప్రాంతంలో నల్లజాతి కుటుంబాలూ జపాన్ సంతతి కుటుంబాలూ ఉండే ఇళ్లను పునర్నిర్మాణం పేరిట కూల్చారు. వేలమంది చెదిరిపోయారు. తీరం వెంట ఎంబార్కడెరో అనే రెండంతస్తుల కాంక్రీటు ఫ్రీవే లేచింది. 1898 నుంచి ఆ ఊరికి ముఖద్వారంగా నిలిచిన ఫెర్రీ బిల్డింగ్ గడియారపు బురుజుకు, పట్టణానికి నడుమ అది అడ్డుగోడ అయింది. దాన్ని కళ్లారా చూశాక జనం ఊరుకోలేదు. సభలు పెట్టారు, సంతకాలు సేకరించారు. 1959 జనవరిలో నగర పాలక మండలి తలపెట్టిన పది ఫ్రీవేలలో ఏడింటిని వద్దని తీర్మానించింది. కేంద్ర ప్రభుత్వం డబ్బు ఇస్తానన్న రోడ్లను ఒక నగరం కాదనడం అప్పట్లో పెద్ద సాహసం.

అంతలో ఇంకో సమస్య వచ్చింది. 1960ల మొదట్లో ఉత్తర తీరాన, నీటికి దగ్గరగా, ఫోంటానా పేరుతో రెండు ఎత్తైన అపార్ట్‌మెంట్ భవనాలు కట్టారు. అవి చట్టం మీరి కట్టినవి కావు. అప్పటి నిబంధనల ప్రకారమే కట్టారు. కాని వెనక కొండ మీది పేటల నుంచి కనిపించే సముద్రపు పాయ ఆ రెండు గోడల చాటుకు పోయింది. వీధినాటకం ఆడుతుంటే ముందు వరుసలో ఒకాయన లేచి నిలబడితే ఏమవుతుంది? ఆయనకు బాగానే కనిపిస్తుంది. వెనక ఉన్న వందమందికి ఆట పోతుంది. ఆ తర్వాత వాళ్లూ లేస్తారు. చివరికి అందరూ కాళ్లు నొప్పెట్టేలా నిలబడతారు, చూడగలిగేవాళ్లు మాత్రం ముందు వరుసవాళ్లే. నీటి ఒడ్డున కట్టే ఎత్తైన భవనం చేసే పని అదే. ఆ అనుభవంతోనే ఉత్తర తీరంలో 40 అడుగులకు మించి కట్టకూడదని నగరం నిబంధన పెట్టుకుంది. అయితే ఒక్కో గొడవకు ఒక్కో నిబంధన పెట్టుకుంటూ పోతే ఎంతకాలం? ఊరంతటికీ ఒక సూత్రం కావాలన్న ఆలోచన అక్కడ మొదలైంది.

ఆ సూత్రానికి కావలసిన విద్య అప్పటికే తయారవుతోంది. మసాచుసెట్స్‌లో ఎంఐటీలో పాఠాలు చెప్పే కెవిన్ లించ్ 1960లో ఒక చిన్న పుస్తకం రాశాడు. బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలెస్ నగరాల్లో మనుషులను కలిసి, మీ ఊరి పటం జ్ఞాపకం నుంచి గీయమన్నాడు. ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో ఏమేం కనిపిస్తాయో చెప్పమన్నాడు. ఊరు మనిషి మనసులో అయిదు రకాలుగా నాటుకుంటుందని ఆయన తేల్చాడు: దారులు, అంచులు, పేటలు, కూడళ్లు, గుర్తులు. విజయవాడ ఎరిగినవాళ్లు సరిచూసుకోవచ్చు. ఏలూరు రోడ్డు ఒక దారి. కృష్ణ ఒడ్డు ఒక అంచు. గవర్నర్‌పేట ఒక పేట. బెంజి సర్కిల్ ఒక కూడలి. ఇంద్రకీలాద్రి ఒక గుర్తు. ఈ అయిదూ స్పష్టంగా ఉన్న ఊళ్లో కొత్తవాడు కూడా దారి తప్పడు, పాతవాడికి అది నా ఊరు అనిపిస్తుంది. ఇవి చెరిగిపోయిన ఊళ్లో పుట్టి పెరిగినవాడికీ పరాయితనమే. ఒక ఊరి రూపం గురించి మాట్లాడటానికి పాలకుడి అభిరుచి కాక, నివసించేవాడి అనుభవం ఆధారం కావాలని లించ్ చూపించాడు.

1967లో శాన్‌ఫ్రాన్సిస్కో నగర ప్రణాళికా శాఖకు అలన్ జేకబ్స్ డైరెక్టర్‌గా వచ్చాడు. అంతకుముందు ఆయన మన దేశంలోనే, కలకత్తాలో, ఫోర్డ్ ఫౌండేషన్ తరఫున నగర ప్రణాళిక పని చేశాడు. నడిచి చూడనిదే ఊరు తెలియదని నమ్మినవాడు. ఆయన నాయకత్వంలో శాఖవాళ్లు ఊరిని కొండ కొండకూ, వీధి వీధికీ పరిశీలించారు. ఏ కూడలి నుంచి ఏం కనిపిస్తుంది, ఏ పేటకు ఏ గుణం ఉంది, ఎక్కడ చెట్లున్నాయి, ఎక్కడ గాలి కొడుతుంది అని రాసుకున్నారు. నివేదికలు ముందే బయటపెట్టి జనంతో చర్చించారు. 1971లో శాన్‌ఫ్రాన్సిస్కో అర్బన్ డిజైన్ ప్లాన్‌కు ప్రణాళికా సంఘం ఆమోదం తెలిపింది. ఒక పెద్ద అమెరికా నగరం తన నేలంతటికీ కలిపి ఇలాంటి రూపకల్పన ప్రణాళికను అధికారికంగా స్వీకరించిన తొలి సందర్భాల్లో ఇది ముఖ్యమైనది.

ఆ పత్రంలో నాలుగు భాగాలున్నాయి. మొదటిది ఊరి మొత్తం ఆకృతి. రెండోది పరిరక్షణ, అంటే ఉన్న మంచిని కాపాడుకోవడం. మూడోది పెద్ద పెద్ద కొత్త కట్టడాలు. నాలుగోది పేటల్లో రోజువారీ బతుకు. ప్రతి భాగమూ మనుషుల అవసరాలతో మొదలవుతుంది. తర్వాత సూత్రాలు, ఒక్కో సూత్రానికి చిన్న బొమ్మ. ఆ తర్వాతే ప్రభుత్వం పాటించాల్సిన విధానాలు. ఇంజినీరింగ్ చదవనివాళ్లు కూడా బొమ్మ చూసి, రెండు వాక్యాలు చదివి, ఇది మా వీధికి వర్తిస్తుందా అని అడగగలిగేలా రాశారు. నాకు ఆ పత్రంలో అన్నిటికంటే నచ్చినది ఈ గుణమే. జనానికి అర్థం కాని నిబంధనను జనం కాపాడలేరు.

కొన్ని సూత్రాలు చెబుతాను. పొడవైన సన్నని భవనం కొండ శిఖరం దగ్గర ఉంటే కొండ ఆకారం ఇంకా ఎత్తుగా తేలుతుంది. అదే కొండ వాలులో, పాదాల దగ్గర భారీ భవనం కడితే కొండ మాయమవుతుంది. కాబట్టి వాలులో చిన్న భవనాలే ఉండాలి. నీటికి దగ్గరయ్యే కొద్దీ ఎత్తు తగ్గాలి. ఎత్తైన ఆఫీసు భవనాలు ఊరి కేంద్రంలో ఒకచోట గుంపుగా ఉంటే దూరం నుంచి అదొక కొండలా కనిపిస్తుంది, బస్సులకూ రైళ్లకూ దగ్గరగానూ ఉంటుంది. ఎత్తు ఒక్కటే కాదు, లావు కూడా చూడాలి. అడ్డంగా పరుచుకున్న భవనం అదే ఎత్తున్న సన్నని భవనం కంటే ఎక్కువ ఆకాశాన్ని మింగేస్తుంది. ఊరి ఇళ్లు చాలావరకు లేత రంగులవి, కాబట్టి కొత్తవాటికీ లేత రంగులే నప్పుతాయి. ఇంకొక సూత్రం మన మునిసిపాలిటీలన్నీ గోడ మీద రాసి పెట్టుకోదగ్గది: వీధి స్థలం ప్రజలది, దాన్ని ప్రైవేటు వాడకానికి వదులుకోకూడదన్నదే మొదటి మాట కావాలి. వదులుకోవాలంటే అందుకు గట్టి కారణం చూపించాల్సింది అడిగినవాడు.

ఈ పనిలో జేకబ్స్‌కు తోడు నిలిచిన పండితుల్లో డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ ఒకడు. ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో దాదాపు ఒకేలాంటి మూడు వీధులను ఎంచుకున్నాడు. ఒక వీధిలో రోజుకు సుమారు 2 వేల వాహనాలు వెళ్తాయి, రెండోదానిలో సుమారు 8 వేలు, మూడోదానిలో సుమారు 16 వేలు. ఇంటింటికీ వెళ్లి మీ వీధిలో మీకు స్నేహితులెవరని అడిగాడు. వాహనాలు తక్కువున్న వీధిలో ఒక్కో మనిషికి సగటున ముగ్గురు స్నేహితులు తేలారు. రద్దీ వీధిలో సగటున ఒక్కరు కూడా నిండలేదు. మొదటి వీధివాళ్లు మెట్ల మీద కూర్చుని మాట్లాడుకునేవాళ్లు, పిల్లలు బయట ఆడుకునేవాళ్లు. చివరి వీధివాళ్లు వీధివైపు గదులనే వాడటం మానేసి వెనక గదుల్లోకి చేరారు. రోడ్డు వెడల్పు చేస్తే ఎన్ని వాహనాలు ఎంత వేగంగా వెళ్తాయో మనం లెక్క వేస్తాం. ఎన్ని స్నేహాలు పోతాయో లెక్క వేసింది ఆపిల్‌యార్డ్. 1981లో ఆ పరిశోధన పుస్తకంగా వచ్చింది. మరుసటి ఏడాది ఏథెన్స్‌లో అతివేగంగా వచ్చిన కారు ఢీకొని ఆయన చనిపోయాడు.

సూత్రాలు రాసుకుంటే చాలదు, అమలు కావాలి. 1972లో నగర మండలి ఊరంతటికీ ఎత్తు, లావు పరిమితుల చట్టం చేసింది. పటంలో ప్రతి స్థలానికీ ఎంత ఎత్తు కట్టవచ్చో అంకె ఉంటుంది. వ్యాపార కేంద్రంలో 700 అడుగుల దాకా, ఇళ్ల పేటల్లో ఎక్కువ భాగం 40 అడుగులు. స్థలం కొనేవాడికి ముందే తెలుసు, పొరుగువాడికి ముందే తెలుసు, అధికారికి ముందే తెలుసు. ఎవరి దగ్గరికో వెళ్లి బతిమాలాల్సిన పని తగ్గింది. ఊరి రూపం ఒక్కో ఫైలు మీద, ఒక్కో సంతకంతో మారిపోవడం ఆగింది.

అది తేలిగ్గా జరగలేదని కూడా చెప్పాలి. అదే కాలంలో తీరాన సుమారు 550 అడుగుల ఆఫీసు భవనం కడతామని యూఎస్ స్టీల్ కంపెనీ ముందుకొచ్చింది. జనం ఎదిరించారు, అది ఆగింది. 853 అడుగుల ట్రాన్సమెరికా పిరమిడ్ మాత్రం ఎన్ని నిరసనలు వచ్చినా 1972లో పూర్తయింది. ఇంకోవైపు ఆల్విన్ డస్కిన్ అనే దుస్తుల వ్యాపారి ఊళ్లో ఎక్కడా 72 అడుగులు మించకూడదని 1971 నవంబరులో ప్రజాభిప్రాయ ఓటు పెట్టించాడు. అది ఓడిపోయింది. ఎక్కడైనా ఎంతైనా కట్టుకోవచ్చన్నవాళ్లకూ, ఎక్కడా ఎత్తు వద్దన్నవాళ్లకూ నడుమ, ఎక్కడ ఎంత అన్నదే అసలు ప్రశ్న అని ఆ ప్రణాళిక నిలబడింది.

పునాది పడ్డాక మీద అంతస్తులు లేచాయి. 1984లో ఆ ఊరి ఓటర్లు ఒక చట్టాన్ని నేరుగా ఆమోదించారు. 40 అడుగులు దాటిన ఏ కొత్త కట్టడమైనా నగర పార్కుల మీద కొత్తగా నీడ పడేస్తుందా అని ముందే లెక్కగట్టి చూపాలి. సూర్యోదయం తర్వాత గంట నుంచి సూర్యాస్తమయానికి గంట ముందు దాకా పార్కులో పడే ఎండ ప్రజలదని దాని అర్థం. అది చల్లని ఊరు, వాళ్లకు ఎండ విలువైనది. మనకు నీడ విలువైనది. ఏది విలువైనదో గుర్తించి దాన్ని చట్టంతో కాపాడుకోవడమే నేర్వవలసిన పాఠం. 1985లో వ్యాపార కేంద్రానికి వివరమైన ప్రణాళిక వచ్చింది. పాత భవనాలను నిలుపుకున్న యజమానులు తాము కట్టకుండా వదిలేసిన అంతస్తుల హక్కును వేరే చోట కట్టేవాళ్లకు అమ్ముకునే ఏర్పాటు చేశారు. మన దగ్గర టీడీఆర్, అంటే బదిలీ చేయగల అభివృద్ధి హక్కు, అంటున్నది ఈ కోవకు చెందినదే.

ఇక ఆ ఎంబార్కడెరో ఫ్రీవే సంగతి. 1989 అక్టోబరు 17న వచ్చిన భూకంపంలో అది దెబ్బతింది. బాగుచేయాలని కొందరు, పడగొట్టాలని కొందరు వాదించుకున్నారు. చివరికి 1991లో పడగొట్టారు. ఆ చోట ఖర్జూర జాతి చెట్ల వరుసలు, ట్రామ్ పట్టాలు, నడిచే దారి వచ్చాయి. ఊరికి మళ్లీ సముద్రపు పాయ కనిపించింది. ఫెర్రీ బిల్డింగ్ 2003లో బజారుగా కొత్త జీవం పోసుకుంది. 1906లో భూకంపం తర్వాత చేయలేకపోయిన పనిని ఎనభై ఏళ్ల తర్వాత ఇంకో భూకంపం వచ్చినప్పుడు చేయగలిగారు. ఈ రెండింటి నడుమ ఆ ఊరి జనం తమకేం కావాలో చర్చించుకోవడం నేర్చారు.

ఇప్పుడు ఆ ప్రణాళిక వల్ల వచ్చిన నష్టం కూడా చెప్పకపోతే నేను మీకు సగం నిజమే చెప్పినట్టు. ఇళ్ల పేటల్లో 40 అడుగుల గీత దశాబ్దాల పాటు గట్టిగా నిలిచింది. ఉద్యోగాలు మాత్రం పెరుగుతూ పోయాయి. 1970ల చివర్లో వచ్చిన నిబంధనలు ఇళ్ల సంఖ్యను ఇంకా బిగించాయి. ఫలితంగా అమెరికాలోకెల్లా ఇళ్ల ధరలు మండిపోయే ఊళ్లలో అది ఒకటైంది. టీచర్లు, నర్సులు, బస్సు డ్రైవర్లు ఎక్కడో దూరాన ఉండి గంటల తరబడి ప్రయాణం చేసి పనికి వస్తున్నారు. ఇల్లున్నవాళ్లు పొరుగున కొత్త ఇళ్లు రాకుండా అడ్డుకోవడానికి అందం పేరు వాడుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. 2023 నుంచి 2031 లోపు సుమారు 82 వేల కొత్త ఇళ్లకు చోటు చూపాలని రాష్ట్రం ఆ నగరాన్ని ఇప్పుడు నిర్బంధిస్తోంది. వ్యాపార కేంద్రంలో ఎత్తు పరిమితులు 2012లో సడలాయి, 1,070 అడుగుల సేల్స్‌ఫోర్స్ టవర్ 2018లో తెరుచుకుంది. రూపాన్ని కాపాడే గీతకు, పేదవాడిని బయట ఉంచే గీతకు తేడా ఉంది. ఏళ్లు గడిచే కొద్దీ మొదటిది రెండోదిగా మారకుండా చూసుకోవడం నగరం బాధ్యత. ప్రణాళికను మళ్లీ మళ్లీ తెరిచి సరిదిద్దుకోవాలి.

ఇక మన సంగతి. నగరాన్ని మొత్తంగా చూసే సంప్రదాయం మనకూ ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేసి వేల ప్రాణాలు తీసుకుంది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి, వరదను ఆపే ఉపాయంతో పాటు ఊరి మురుగునీటి వ్యవస్థ గురించి కూడా సూచనలిచ్చారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1912లో నగరాభివృద్ధి కోసం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. అది రోడ్లు వెడల్పు చేసింది, పత్తర్‌గట్టీలో రాతి కమానుల దుకాణాల వరుస కట్టింది, ఇరుకు బస్తీల బదులు కొత్త ఇళ్లు కట్టించింది. మూసీకి దక్షిణాన హైకోర్టు, సిటీ కాలేజీ, ఉత్తరాన ఉస్మానియా ఆసుపత్రి ఎదురెదురుగా లేచాయి. విన్సెంట్ ఎష్ ఆ భవనాల రూపశిల్పి. వరద తెచ్చిన నదినే ఊరికి ముఖంగా మలచుకున్నారు. అది పాలకుల ఆజ్ఞతో జరిగిన పనే, అయినా నదినీ వీధినీ ఇంటినీ ఆసుపత్రినీ ఒకే చూపుతో చూసిన పని.

ఆ చూపు తర్వాత ముక్కలైంది. నీళ్లు ఒక శాఖ, రోడ్లు ఒక శాఖ, లేఅవుట్లు ఒక శాఖ. 2006లో వచ్చిన నిర్మాణ నిబంధనలతో హైదరాబాద్‌లో ఫ్లోర్ స్పేస్ ఇండెక్స్ పరిమితి, అంటే స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పే హద్దు, పోయింది. ముఖ్యంగా ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే సెట్‌బ్యాక్‌లే భవనం ఎత్తును నిర్ణయిస్తున్నాయి. ఇళ్ల సరఫరా పెరగడానికి అది తోడ్పడింది, అది కాదనలేం. కాని ఆ నిబంధన చూసేది ప్లాటును, దాని ముందున్న రోడ్డును. పక్కన కోట్ల ఏళ్ల నాటి బండరాళ్ల గుట్ట ఉందా, గోల్కొండ కోట ఎటు నుంచి కనిపించాలి అన్నది దాని లెక్కలోకి రాదు. 2020 అక్టోబరు వానలకు కాలనీలు చెరువులైనప్పుడు, నీటి దారి ఎటో మరిచి కట్టుకున్న ఊరి గతి మనం చూశాం.

ఇది ఒక్క హైదరాబాద్ మాటే కాదు. విశాఖకు కొండలూ సముద్రమూ కలిసి దొరికాయి, శాన్‌ఫ్రాన్సిస్కోకు దొరికినట్టే. బీచ్ రోడ్డున ఏ ఎత్తు, కైలాసగిరి వాలున ఏ ఎత్తు, లోపలి వీధుల నుంచి సముద్రం ఎక్కడెక్కడ కనిపించాలి అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. తిరుపతికి శేషాచలం ఉంది. వరంగల్‌కు భద్రకాళి చెరువూ కాకతీయుల కోటా ఉన్నాయి. విజయవాడకు కృష్ణా, దాని కాలువలూ ఉన్నాయి. ఈ సొత్తు ఎవరూ డబ్బు పెట్టి కొన్నది కాదు, పోతే ఎంత డబ్బు పెట్టినా తిరిగి రాదు.

శ్రోతలారా, మాస్టర్ ప్లాన్ ముసాయిదాను ప్రజల ముందు పెట్టి అభ్యంతరాలు, సూచనలు తీసుకోవాలని మన చట్టాలే చెబుతున్నాయి. ఆ గడువులో వెళ్లేవాళ్లలో ఎక్కువమంది తమ సొంత స్థలం రంగు మార్చమని అడగడానికే వెళ్తారు. అది తప్పు కాదు, దానికి తోడు నాలుగు ప్రశ్నలు కూడా అడగండి. మా ఊరి కొండ, చెరువు, నది, కోట ఏ వీధుల నుంచి కనిపిస్తూనే ఉంటాయో పటంలో గీశారా? ఏ పేటలో ఎంత ఎత్తు, ఎంత లావు కట్టవచ్చో ముందే అంకెలతో రాశారా? మా వీధిలో పిల్లలూ పెద్దలూ నీడలో నడిచే చోటు ఎంత మిగులుతుంది? తక్కువ ఆదాయంవాళ్లకు ఊరి మధ్యలో ఇళ్లు ఎక్కడ చూపించారు? ఈ నాలుగింటికీ తెలుగులో, బొమ్మలతో, మామూలు మనిషికి అర్థమయ్యేలా జవాబు లేకపోతే ఆ ముసాయిదా పూర్తికానట్టే. ఈ నాలుగూ కాగితం మీద రాసి మీ మునిసిపల్ కార్యాలయంలో ఇచ్చి, రసీదు తీసుకోండి. కాలనీ సంఘంలో చర్చించండి. బడిలో పిల్లల చేత మీ వార్డు పటం గీయించండి. మన ఊరి రూపాన్ని మనం అడగకపోతే ఎవరి లాభాన్ని బట్టి వాళ్లు నిర్ణయిస్తారు. కాబట్టి అడగండి, ఇప్పుడే అడగండి.